కంట్లో చుక్కలు వేసి రెటీనా చూపించుకునే ముందు

షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) చూపించుకోవాలి, ఎందుకంటే డయాబెటిక్ రెటినోపతి (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం) ముదిరేదాకా చాలామందికి ఏమీ తెలియదు. హైదరాబాద్ కంటి ఆసుపత్రుల్లో బంజారాహిల్స్ ఎల్.వి.ప్రసాద్‌కి వెళ్లినా, మెహదీపట్నం సరోజినీదేవికి వెళ్లినా ముందు ఇవి చూసుకోండి.

బండి నడుపుకుంటూ వెళ్లకండి. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు, అరగంటలో దగ్గరి అక్షరాలు మసకబారతాయి, వెలుతురు గుచ్చుకుంటుంది, ఇది నాలుగైదు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపే ఉంటుంది. ఆ కళ్లతో మెహదీపట్నం ట్రాఫిక్‌లోనా? ఆటోనో క్యాబో చూసుకోండి, తోడు ఒకరుంటే మంచిది. చలువ కళ్లద్దాలు పెట్టుకెళ్లండి.

కాంటాక్ట్ లెన్స్‌లుంటే వాటి డబ్బా కూడా. చుక్కలకు ముందే తీసేయాలి.

తిని వెళ్లండి. మామూలు పరీక్షకు పస్తు అక్కర్లేదు, షుగర్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో క్యూలో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి.

పాత చీటీలు, కళ్లజోడు, వాడే మందుల పేర్లు దగ్గరుంచుకోండి. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడే పెద్దాయనైతే, శుక్లం ఆపరేషన్ మాట వచ్చినప్పుడు ఆ సంగతి తప్పక చెప్పాలి, లేకపోతే ఆపరేషన్ మధ్యలో పాప ముడుచుకుపోయి డాక్టర్‌కి ఇబ్బంది (మనవాళ్లు మొహమాటపడి దాచేది సరిగ్గా ఇదే). ఇంట్లో ఎవరికైనా గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉంటే అదీ చెప్పండి. రంగు ఇంజెక్షన్ ఇచ్చి కంటికి యాంజియోగ్రామ్ (రెటీనా రక్తనాళాల ఫోటోలు) చేస్తామంటే ఎలర్జీలు, గర్భం దాచొద్దు.

ఇంటికొచ్చాక కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే కంట్లో ప్రెజర్ పెరిగి ఉండొచ్చు. అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లండి.