పాత ఎలక్ట్రిక్ కారు పరీక్ష – 4వ పాఠం: బ్యాటరీ ఎంత, ఛార్జింగ్ ఎంత?

పాత కారులో బ్యాటరీ ఎంత మిగిలిందో తేల్చమని మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చదివాక, ఈసారి చెప్పాలనుకున్న సస్పెన్షన్ పాఠాన్ని వాయిదా వేశాను. చాలామంది ఒకే దగ్గర తడబడ్డారు. ఫుల్ ఛార్జ్ చేసి, తెర మీద కనిపించే కిలోమీటర్లు చూసి, "కొత్తలో 270 వచ్చేదట, ఇప్పుడు 230 చూపుతోంది, కాబట్టి బ్యాటరీ 85 శాతం మిగిలింది" అని తేల్చేశారు. ఆ 230 బ్యాటరీని కొలిచి చెప్పిన అంకె కాదు. ఈమధ్య కారును నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. అమ్మే మనిషి కొన్నాళ్లు నెమ్మదిగా, ఎయిర్ కండిషనర్ వేయకుండా నడిపితే అది పెరుగుతుంది. కొండదారిలో వేగంగా తిప్పితే తగ్గుతుంది. రెండు సందర్భాల్లోనూ బ్యాటరీ మారలేదు. కిలోమీటర్లను ఇక లెక్కలోకే తీసుకురాకండి.

కొలవాల్సింది యూనిట్లను, అంటే కరెంటు బిల్లులో ఉండే కిలోవాట్ అవర్లను. డీసీ ఫాస్ట్ ఛార్జర్ (బయట స్టేషన్లలో ఉండే వేగవంతమైన ఛార్జర్) దగ్గర కారు 30 శాతం చూపుతున్నప్పుడు మొదలుపెట్టి 70 శాతం దగ్గర ఆపండి. ఛార్జర్ మీటరు 13.6 యూనిట్లు ఇచ్చానంటే, 40 శాతానికి 13.6. అంటే నూటికి 34 యూనిట్లు. మొదట్లో ఒక ఫొటో, చివర్లో ఒక ఫొటో తీసుకుంటే చాలు. నేను యాప్‌ల కన్నా ఈ పద్ధతినే ఎక్కువ నమ్ముతాను. కొందరు 60 నుంచి 70 దాకా మాత్రమే ఎక్కించి లెక్క కట్టారు. తెర మీది శాతం దశాంశాలు లేని అంకె. మీరు చూసిన 10 శాతం నిజానికి 9 కావచ్చు, 11 కావచ్చు. అంత చిన్న తేడా మీద కట్టిన లెక్క నిలవదు. కనీసం 40 శాతం తేడా ఉండాలి. ఇంట్లో మామూలు కరెంటుతో, అంటే ఏసీతో ఛార్జ్ చేసి ఆ మీటరు చూస్తే ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలిసి వస్తుంది కాబట్టి సుమారు పదోవంతు తీసేయండి.

యూనిట్లు నిల్వను, కిలోవాట్లు వేగాన్ని చెబుతాయన్నది రెండో పాఠంలో అయిపోయింది. మళ్లీ చెప్పను.

ఇప్పుడు ఈ 34ను దేనితో పోల్చాలి? కారు పేరులోని అంకెతోనో, మొత్తం బ్యాటరీ అంకెతోనో పోలిస్తే అమ్మేవారికి అన్యాయం జరగవచ్చు. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3లో ఒక రకానికి మొత్తం బ్యాటరీ 62 యూనిట్లు, వాడుకోవడానికి దొరికేది 58. మీ కొలతలో 54 వస్తే, 62తో భాగిస్తే 87 శాతం, 58తో భాగిస్తే 93 శాతం. సరైనది రెండోది. బీఎమ్‌డబ్ల్యూ ఐ3 వెనుక 94 అని చూసి 94 యూనిట్లు అనుకున్నవారున్నారు. అవి ఆంపియర్ అవర్లు. సుమారు 350 వోల్టులతో గుణిస్తే 33 యూనిట్ల దాకా వస్తుంది, అందులోనూ వాడుకోగలిగేది ఇంకా తక్కువ. 2016లో అమ్మిన టెస్లా మోడల్ ఎస్ 60లో ఉన్నది 75 యూనిట్ల ప్యాకే, సాఫ్ట్‌వేర్‌తో తగ్గించి ఇచ్చారు. 2017 నాటి షెవ్రోలే బోల్ట్ 60 యూనిట్లతో వచ్చింది, కానీ రీకాల్‌లో (లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచినప్పుడు) ప్యాక్ మార్చిన కార్లలో అంతకన్నా పెద్దది ఉంటుంది. తయారైన ఏడాదిని చూసి సరిపెట్టుకోకండి, సర్వీసు కాగితాలు అడగండి. నిస్సాన్ లీఫ్ మొదటి రెండు తరాల్లో అయితే 24, 30, 40, 62 అని నాలుగు రకాలు. ఏది ఏదో ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగితే తెలుస్తుంది. లీఫ్ తెర మీద పక్కన ఉండి, బ్యాటరీ ఎంత మిగిలిందో చూపే పన్నెండు గీతలను మాత్రం గుడ్డిగా నమ్మకండి. పాత లీఫ్‌లలో వాటిని పరికరంతో రీసెట్ చేసి పన్నెండూ నిండుగా చూపించి అమ్మిన ఉదంతాలున్నాయి. కొన్నాళ్లు నడిపాక అవి మళ్లీ పడిపోతాయి. పాత రెనో జోయి కొంటుంటే ముందు ఒక్క మాట అడగండి: బ్యాటరీ యజమానిదేనా, అద్దెదా? చాలా జోయిలను బ్యాటరీ అద్దె ఒప్పందంతోనే అమ్మారు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించే మాట దగ్గరికి వద్దాం. "22 కిలోవాట్ల ఛార్జర్ కారుతోపాటే ఇస్తాం, రెండు గంటల్లో నిండిపోతుంది." గోడకు బిగించే ఆ పెట్టె నిజానికి ఛార్జర్ కాదు. కరెంటును భద్రంగా కారు దాకా చేర్చి, ఎంత తీసుకోవచ్చో కారుకు చెప్పడమే దాని పని. ఏసీని డీసీగా మార్చే అసలు ఛార్జర్ కారు లోపల ఉంటుంది. అది 6.6 కిలోవాట్లదైతే, 22 కాదు, 50 కిలోవాట్ల పెట్టె పెట్టినా 6.6 దాటదు. పెట్టె, కేబుల్, కారు – మూడింటిలో ఏది తక్కువో అదే మీ వేగం.

ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు ఉచ్చు ఫేజుల్లో ఉంది. 11 కిలోవాట్ల పెట్టె అంటే సాధారణంగా మూడు ఫేజులు, ఒక్కో ఫేజుకు 16 ఆంపియర్లు. మీ కారులోని ఛార్జర్ 7.4 కిలోవాట్లదే, కానీ ఒక్క ఫేజుదే అనుకోండి. దానికి 32 ఆంపియర్లు కావాలి. ఆ పెట్టె మాత్రం ఒక ఫేజు మీద 16కు మించి ఇవ్వదు. 230 వోల్టులు ఇంటూ 16, అంటే 3.7 కిలోవాట్లు. పెట్టె మీద 11, కారు కాగితాల మీద 7.4, చేతికి వచ్చేది 3.7! 40 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి తేవాలంటే 24 యూనిట్లు ఎక్కాలి. వృథాతో కలిపి ఏడు గంటలకు పైగా పడుతుంది. ఇదే కారుకు 32 ఆంపియర్ల ఒక ఫేజు పెట్టె పెడితే మూడున్నర గంటలు చాలు. పెట్టె చిన్నది, వేగం రెట్టింపు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద చేయకుండా ముందుకు వెళ్లకండి. సాకెట్ ఆకారం కూడా ఇక్కడ మోసం చేస్తుంది. టైప్ 2 అనే ఏసీ సాకెట్ ఉన్నంత మాత్రాన మూడు ఫేజులూ పనిచేస్తాయని కాదు. టైప్ 1 అయితే అనుమానమే లేదు, అది ఒక్క ఫేజుదే.

డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ సంగతి ఇంత చిక్కు కాదు. మూత తెరిచి చూడండి. సీసీఎస్ రకం డీసీ సాకెట్ అయితే కింద రెండు లావు పిన్నులు, పాత లీఫ్‌లో అయితే వేరుగా గుండ్రటి ఛాడెమో రకం సాకెట్. తొలినాళ్ల బోల్ట్‌లో, ఐ3లో, లీఫ్‌లో ఇవి అదనపు డబ్బు కట్టినవారికే వచ్చాయి, కాబట్టి మోడల్ పేరు చూసి ఊహించకండి. 2019కి ముందు వచ్చిన జోయిలో డీసీ అసలే లేదు, బదులుగా 22 లేదా 43 కిలోవాట్ల ఏసీ ఉండేది. గరిష్ఠ వేగానికి కూడా పొంగిపోకండి. హ్యుందాయ్ అయోనిక్‌లో 28 యూనిట్ల పాత కారు దాదాపు 70 కిలోవాట్లు తీసుకునేది, తర్వాత వచ్చిన 38 యూనిట్లది 45 కూడా అందుకోదు. పరీక్షించేటప్పుడు అరగంట నడిపి బ్యాటరీ వేడెక్కాకే, 20–30 శాతం దగ్గర ఛార్జింగ్ గన్ పెట్టండి. చల్లని బ్యాటరీతోనో, 80 శాతం దగ్గరో పరీక్షించి కారును తప్పుపట్టడం న్యాయం కాదు.

అభ్యాసం. ఒక కారు తీసుకుని వాడుకోదగిన యూనిట్లను రెండు దారుల్లో కట్టండి. ఒకటి పైన చెప్పిన డీసీ మీటరు దారి. రెండోది ప్రయాణం దారి: ట్రిప్ మీటరు సున్నా చేసి, 85 శాతం దగ్గర బయలుదేరి 45 దగ్గర ఆపండి. 90 కిలోమీటర్లు, వంద కిలోమీటర్లకు 16 యూనిట్ల సగటు వస్తే, వాడింది 14.4, మొత్తం 36. రెండు దారుల జవాబుల మధ్య తేడా 5 శాతం దాటితే మళ్లీ చేయండి. డీసీ దగ్గర 20, 40, 60, 80 శాతాల వద్ద ఎన్ని కిలోవాట్లు వచ్చాయో రాసుకోండి.

కాగితం మీది లెక్క ఇది. మూడు ఫేజుల 11 కిలోవాట్ల పెట్టెకు పెడితే ఒక కారు 3.6 కిలోవాట్లే తీసుకుంటోంది. యజమాని లోపల 7 కిలోవాట్ల ఛార్జర్ ఉందంటున్నారు, కొనేవారు 3.6దే అంటున్నారు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చడానికి ఒకే ఒక్క పరీక్ష చేయాలి. ఏ పెట్టెతో, ఏ కేబుల్‌తో, ఏ అంకె కోసం చూస్తారు?