బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, కనెక్టర్‌లో మాత్రం రాదు: ఈసీఎం కనెక్షన్ చిక్కులు

షేర్‌పాయింట్, డాక్యుమెంటమ్, ఆల్ఫ్రెస్కో... ఇవన్నీ సంస్థ డాక్యుమెంట్లను దాచే ఈసీఎం (ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్) రిపాజిటరీలు. అక్కడి డాక్యుమెంట్లను సెర్చ్ లాంటి వేరే సిస్టమ్‌కి తెచ్చే ప్రోగ్రామే కనెక్టర్. దేనికి కనెక్టర్ పెట్టినా మొదట వినిపించే మాట ఒకటే: "నా బ్రౌజర్‌లో బాగానే వస్తోందే!" వస్తుంది మరి. అది మీ ల్యాప్‌టాప్, మీ లాగిన్. కనెక్టర్ నడిచేది వేరే సర్వర్‌లో, వేరే సర్వీస్ అకౌంట్‌తో (మనిషికి కాక ప్రోగ్రామ్‌కి ఇచ్చే లాగిన్), బహుశా వేరే ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) గుండా. కాబట్టి కింద చెప్పిన ఏ పరీక్షయినా ఆ సర్వర్‌లోకి వెళ్లి, ఆ అకౌంట్‌తోనే చేయండి.

సమస్య: టైమౌట్, లేదా కనెక్షన్ రెఫ్యూజ్డ్

ఈ రెండూ ఒకటి కావు. రెఫ్యూజ్డ్ వస్తే సాధారణంగా అవతలి మెషీన్ దాకా చేరినట్టే. ఆ పోర్ట్‌లో పలికేవాళ్లే లేరు. సర్వీస్ ఆగిపోయిందో, పోర్ట్ నంబర్ తప్పో చూడండి. టైమౌట్ అయితే మొదటి అనుమానం ఫైర్‌వాల్ మీదే. ప్రాక్సీ ఉన్నచోట ఇంకో సంగతి: ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టిన ప్రాక్సీని జావాలో నడిచే కనెక్టర్ మామూలుగా తనంతట తాను తీసుకోదు, కనెక్టర్ సెట్టింగ్స్‌లో విడిగా ఇవ్వాలి.

డాక్యుమెంటమ్‌లో ఒక మెలిక ఉంది. కనెక్టర్ ముందు డాక్‌బ్రోకర్‌ని అడుగుతుంది, మామూలుగా 1489 పోర్ట్‌లో. అది "నీ రిపాజిటరీ ఫలానా అడ్రస్‌లో, ఫలానా పోర్ట్‌లో ఉంది" అని చెప్పి పంపిస్తుంది. నెట్‌వర్క్ టీమ్ 1489 ఒక్కటే తెరిచి పని అయిపోయిందనుకుంటుంది. రెండో అడ్రస్ దగ్గర కనెక్టర్ ఆగిపోతుంది. రిపాజిటరీ పోర్ట్‌ కూడా తెరిపించాలి. డాక్‌బ్రోకర్ ఇచ్చే అడ్రస్ లోపలి నెట్‌వర్క్‌ది అయి, బయటి నుంచి పనికిరాకపోతే, దాని ఐఎన్ఐ ఫైల్‌లోని ట్రాన్స్‌లేషన్ విభాగంలో బయటి అడ్రస్‌ను రాయాలి.

సమస్య: "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్"

బ్రౌజర్‌కి నచ్చిన సర్టిఫికెట్ జావాకి నచ్చలేదు. జావాకి సొంత నమ్మకాల పెట్టె ఉంటుంది, సీఏసర్ట్స్ అనే ఫైల్. సంస్థ సొంతంగా జారీ చేసుకున్న రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకు మూలం) అందులో ఉండదు. జావాతో వచ్చే కీటూల్ కమాండ్‌తో దాన్ని చేర్చి, కనెక్టర్‌ని రీస్టార్ట్ చేయండి. సర్వర్ సర్టిఫికెట్‌నే చేర్చినా అప్పటికి నడుస్తుంది కానీ, అది మారిన రోజున మళ్లీ ఇదే గోల. అవతలి సర్వర్ మధ్యలోని ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పంపకపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది. అప్పుడు సరిచేయాల్సింది వాళ్ల వైపు. జావాను అప్‌డేట్ చేసిన మర్నాడే ఇది మొదలైతే ఎక్కువ ఆలోచించక్కర్లేదు: కొత్త జావాతో కొత్త పెట్టె వచ్చింది, అందులో మీ రూట్ లేదు. వెరిఫికేషన్ ఆఫ్ చేసే ఆప్షన్ ఎక్కడో ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

సమస్య: 401 లేదా 403

ఇవి అవతలి సర్వర్ తిప్పి పంపే కోడ్లు. 401 అంటే నువ్వెవరో తెలియలేదని. 403 అంటే ఎవరో తెలిసింది, అనుమతే లేదని. 401కి పాస్‌వర్డ్ గడువు, సీక్రెట్ (యాప్‌కి ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది) గడువు, సర్వర్ గడియారం చూడండి. కెర్బరోస్ అనే లాగిన్ పద్ధతిలో గడియారాల తేడా మామూలుగా 5 నిమిషాలు దాటితే లాగిన్ కాదు.

షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో చాలామంది ఇరుక్కునే చోటు వేరు. మైక్రోసాఫ్ట్ లాగిన్ సేవ ఎంట్రాలో యాప్ రిజిస్టర్ చేసి, క్లయింట్ సీక్రెట్ ఇస్తారు. మైక్రోసాఫ్ట్ డేటాను అడిగే గ్రాఫ్ ఏపీఐ చక్కగా పలుకుతుంది. షేర్‌పాయింట్ రెస్ట్ ఏపీఐ మాత్రం "అన్‌సపోర్టెడ్ యాప్ ఓన్లీ టోకెన్" అని తిప్పి పంపుతుంది. పర్మిషన్లు ఎన్ని ఇచ్చినా లాభం లేదు. యూజర్ లేకుండా యాప్ ఒక్కటే వెళ్లేటప్పుడు అక్కడ సీక్రెట్ చెల్లదు, సర్టిఫికెట్ కావాలి.

సమస్య: పచ్చ టిక్ వచ్చింది, డాక్యుమెంట్లు సగమే వచ్చాయి

ఎర్రర్ ఇచ్చే కనెక్టర్ మంచిది. ఏమీ అనకుండా సగం తెచ్చేదే టెన్షన్ పెడుతుంది.

ముందు లెక్క చూడండి. సరిగ్గా 100, 1,000 లాంటి గుండ్రటి అంకె దగ్గర ఆగితే అది పేజింగ్ తప్పు: మొదటి పేజీ తెచ్చి, రెండోది అడగలేదు. ఒకసారి నేను అకౌంట్ హక్కుల మీద రెండు రోజులు పోగొట్టుకున్నాక గానీ లాగ్‌లో ఉన్న 1,000 నా కంటికి ఆనలేదు. సీఎంఐఎస్ (వేర్వేరు రిపాజిటరీలతో ఒకే తీరులో మాట్లాడే ప్రమాణం) వాడుతుంటే మొత్తం ఎన్ని అన్న లెక్కను నమ్ముకోవద్దు. రిపాజిటరీ దాన్ని ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఇంకా ఉన్నాయా అని చెప్పే గుర్తును చూసి ముందుకు సాగాలి.

లెక్క గుండ్రంగా లేకపోతే అప్పుడు హక్కులు. రిపాజిటరీలు సాధారణంగా చూడకూడని ఫోల్డర్‌ను "చూడకూడదు" అని చెప్పవు, అసలు లేనట్టే ఉంటాయి. సర్వీస్ అకౌంట్‌తో లాగిన్ అయి ఆ ఫోల్డర్ కనబడుతుందో లేదో చూస్తే తేలిపోతుంది. అలాగని అడ్మిన్ అకౌంట్ ఇచ్చేయకండి, చదివే హక్కు చాలు.

డాక్యుమెంట్ వచ్చింది గానీ వెతికితే దొరకట్లేదంటే, అది స్కాన్ చేసిన పీడీఎఫ్ కావచ్చు. అందులో ఉన్నది బొమ్మ, అక్షరాలు కావు. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ చేయించాల్సిందే.

సమస్య: అక్కడ తీసేసిన ఫైల్ ఇక్కడ ఇంకా కనబడుతోంది

"నిన్నటి తర్వాత మారినవి ఇవ్వు" అని తేదీతో అడిగే కనెక్టర్‌కి తీసేసిన ఫైల్ ఎప్పటికీ కనబడదు, లేనిదానికి తేదీ ఎక్కడిది? తీసేసినవాటితో సహా ప్రతి మార్పునూ రాసి ఉంచే ఛేంజ్ లాగ్ వాడాలి. ఆల్ఫ్రెస్కోలో సీఎంఐఎస్ ఛేంజ్ లాగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, గ్లోబల్ ప్రాపర్టీస్ ఫైల్‌లో ఆన్ చేయాలి. గ్రాఫ్‌లో డెల్టా టోకెన్ (కిందటిసారి ఎక్కడ ఆగామో చెప్పే గుర్తు) పాతబడితే 410 ఎర్రర్ వస్తుంది. అప్పుడు మొదటి నుంచి ఫుల్ సింక్ చేయక తప్పదు.

సమస్య: అడ్మిన్‌కి అన్నీ, మిగతావాళ్లకి ఏమీ లేవు

పేర్ల జత కుదరలేదు. రిపాజిటరీలో యూజర్ డొమైన్ పేరుతో ఉంటాడు, సెర్చ్‌లో ఈమెయిల్‌తో ఉంటాడు. మ్యాపింగ్ రాసి, గ్రూపులు కూడా సింక్ అవుతున్నాయో లేదో చూడండి.

సమస్య: మధ్యలో 429

తొందరెక్కువైంది: తక్కువ సమయంలో మరీ ఎక్కువసార్లు అడిగారని సర్వర్ అంటోంది. రిట్రై ఆఫ్టర్ హెడర్ ఎన్ని సెకన్లు ఆగమంటే అన్ని ఆగాలి, సమాంతర థ్రెడ్లు తగ్గించాలి.

సమస్య: తెలుగు ఫైల్ పేర్లు పాడయ్యాయి

వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే అసలు అక్షరాలు దారిలోనే పోయాయి. గమ్యం డేటాబేస్‌లో ఆ కాలమ్ యూనికోడ్‌ది కాకపోవచ్చు, మార్చి మళ్లీ సింక్ చేయాలి. వింత లాటిన్ గుర్తులు కనబడితే డేటా క్షేమంగానే ఉండొచ్చు, చదివే తీరే తప్పు. జావా 18 నుంచి డీఫాల్ట్ యూటీఎఫ్-8, అంతకుముందు వెర్షన్లలో మీరే చెప్పాలి. పొడవాటి పేర్లే ఫెయిలవుతుంటే బైట్లు లెక్కపెట్టండి: తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కొక్కటి 3 బైట్లు, లైనక్స్‌లో ఫైల్ పేరుకి సాధారణ హద్దు 255 బైట్లు. గుణింతాలు, ఒత్తులు కలిపి 85 దాటితే పేరు పట్టదు. ఫైల్‌ను ఐడీతో సేవ్ చేసి, పేరును మెటాడేటాలో ఉంచితే సరిపోతుంది.