పలాస జీడి ఫ్యాక్టరీకి సొంత టైమ్ సర్వర్ పెట్టుకోవడం ఎలా

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, వేలిముద్ర మెషీన్లు పెట్టడం నా పని. ఒలిచిన పప్పుకు కూలి కిలోల లెక్కన ఇచ్చే చోట్ల తూకం కంప్యూటర్‌లో ఒక టైము, కెమెరాలో ఇంకో టైము ఉంటే ఇబ్బందే. "నా తూకం రాయలేదు బాబూ" అని ఒకావిడ అడిగితే ఏ రికార్డు చూసి తేలుస్తాం? అది ఆవిడ రోజు కూలి. అందుకే ఈ పనిని నేను తేలిగ్గా తీసుకోను.

మామూలు రోజుల్లో ఇంటర్నెట్ నుంచి వచ్చే టైము చాలు. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అలాంటప్పుడు జనరేటర్ మీద కంప్యూటర్లు నడుస్తాయి గానీ, వాటి గడియారాలు దేనికది జరిగిపోతూ ఉంటాయి. జీపీఎస్ ఉపగ్రహాలు మాత్రం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అణు గడియారాలతో తిరుగుతూనే ఉంటాయి. ఆ టైమును మేడ మీద నుంచి దించుకుని, ఫ్యాక్టరీలోని మెషీన్లన్నిటికీ ఒకే టైము చెప్పే టైమ్ సర్వర్ పెట్టుకోవచ్చు.

కావలసింది ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు), ఒక జీపీఎస్ మాడ్యూల్, బయట పెట్టే యాక్టివ్ యాంటెనా. మాడ్యూల్ కొనేటప్పుడు పీపీఎస్ (సెకనుకోసారి సంకేతమిచ్చే) పిన్ బయటికి ఇచ్చారో లేదో తప్పకుండా చూడండి. చవక నియో-6ఎమ్ బోర్డుల్లో కొన్నింటికి నాలుగు పిన్నులే ఉంటాయి, పీపీఎస్ ఎల్ఈడీ దగ్గరే ఆగిపోతుంది. యూఎస్‌బీ డాంగిల్ జోలికి వెళ్లొద్దు.

యాంటెనాకు ఆకాశం కనపడాలి. రేకుల షెడ్డు కింద సిగ్నల్ రాదు. స్లాబు మీద నాలుగు వైపులా తెరిపి ఉన్న చోటు చూసుకోండి. అలాగని అన్నిటికంటే ఎత్తయిన పైపుకు కట్టొద్దు, మన దగ్గర పిడుగులు ఎక్కువ. కేబుల్ లోపలికి వచ్చే చోట సర్జ్ అరెస్టర్ పెట్టి ఎర్త్ చేయండి. ఉప్పు గాలికి కనెక్టర్లు తొందరగా పాడవుతాయి కాబట్టి వాటికి వాటర్‌ప్రూఫ్ టేపు గట్టిగా చుట్టండి.

మాడ్యూల్ టీఎక్స్ (పంపే) పిన్నును రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఆర్ఎక్స్ (అందుకునే) పిన్నుకు, పీపీఎస్‌ను జీపీఐఓ 18 పిన్నుకు కలపండి. సిగ్నల్ 3.3 వోల్టులు దాటకూడదు. ఆ పిన్నులనే వాడుకునే సీరియల్ కన్సోల్ ఆపేసి, బూట్ కాన్ఫిగ్ ఫైలులో పీపీఎస్-జీపీఐఓ ఓవర్‌లే చేర్చి రీబూట్ చేయండి.

ఇక్కడ ఒక విషయం బాగా అర్థం కావాలి. మాడ్యూల్ నుంచి రెండు రకాల కబుర్లు వస్తాయి. పీపీఎస్ ఫ్యాక్టరీ సైరన్ లాంటిది, సరిగ్గా సెకను మొదలైన క్షణాన మోగుతుంది గానీ ఎన్ని గంటలైందో చెప్పదు. సీరియల్ వైరులో వచ్చే ఎన్ఎంఈఏ వాచ్‌మన్ లాంటిది, టైము చెబుతుంది గానీ కొన్ని వందల మిల్లీసెకన్లు ఆలస్యంగా. రెండూ కలిస్తేనే సరైన టైము.

జీపీఎస్‌డీ (మాడ్యూల్ కబుర్లు చదివే ప్రోగ్రామ్), క్రోనీ (గడియారాన్ని సరిచేసి మిగతావాటికి టైము ఇచ్చే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేయండి. ఎవరూ అడగకపోయినా పని మొదలుపెట్టేలా జీపీఎస్‌డీకి మైనస్ ఎన్ (-n) ఆప్షన్ ఇవ్వాలి. క్రోనీలో రెండు రిఫ్‌క్లాక్ (టైము ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే) లైన్లు రాయాలి. ఎన్ఎంఈఏ లైనుకు నోసెలెక్ట్ (దాన్నే నేరుగా ఎంచుకోవద్దని) పెట్టి, పీపీఎస్ లైనును దానికి లాక్ చేయండి. ఎన్ఎంఈఏ ఆలస్యాన్ని ఆఫ్‌సెట్‌గా ఇవ్వండి. ఇంటర్నెట్ ఉన్నప్పుడు బయటి సర్వర్లతో పోల్చి చూస్తే అదెంతో తెలుస్తుంది. ఈ ఆఫ్‌సెట్‌లో తప్పు అర సెకను దాకా పోతే గడియారం పక్క సెకనుకు అతుక్కుంటుంది, అందుకే ఇక్కడ తొందర పడకండి. క్రోనీ సోర్సెస్ కమాండ్ (chronyc sources) ఇచ్చినప్పుడు పీపీఎస్ లైను ముందు నక్షత్రం గుర్తు, రీచ్ దగ్గర 377 కనిపిస్తే అది కుదురుకున్నట్టు.

కొత్త మాడ్యూల్ మొదట్లో సెకన్లు తప్పు చూపిస్తే కంగారు పడొద్దు. జీపీఎస్ టైము 1980 జనవరి 6 నుంచి లీప్ సెకన్లు (భూమి తిరుగుడుకు సరిపోయేలా అప్పుడప్పుడు కలిపే సెకన్లు) కలుపుకోకుండా నడుస్తోంది. 2017 నుంచి అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైము) కంటే 18 సెకన్లు ముందుంది. ఆ తేడా ఎంతో చెప్పే సమాచారం ఉపగ్రహం నుంచి రావడానికి పన్నెండున్నర నిమిషాలు పట్టొచ్చు. పావుగంట ఆగి చూడండి. ఇక పాత మాడ్యూళ్లలో కొన్ని 1024 వారాలు వెనక్కి పోయి, దాదాపు ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపిస్తాయి. వాటిని వాడకండి.

ఒక్క జీపీఎస్‌నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ), ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లను కూడా క్రోనీలో చేర్చండి. నెట్ ఉన్నంతసేపూ సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

చివరగా క్రోనీలో మీ లాన్‌కు (ఫ్యాక్టరీ లోపలి నెట్‌వర్క్‌కు) అలో (అనుమతి) ఇచ్చి, యూడీపీ 123 పోర్టు తెరవండి. రాస్ప్‌బెర్రీ పైని, నెట్‌వర్క్ స్విచ్‌ని యూపీఎస్ మీద పెట్టండి. తూకం కంప్యూటర్‌లో, ఎన్‌వీఆర్‌లో (కెమెరాల రికార్డర్‌లో) టైమ్ సర్వర్‌గా రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఐపీ అడ్రస్ ఇచ్చి, టైమ్ జోన్ 5:30 ఉందో లేదో చూడండి. కొన్ని వేలిముద్ర మెషీన్లు తమ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ టైమునే తీసుకుంటాయి, అలాగైతే ముందు ఆ కంప్యూటర్‌ని సరిచేయాలి. తర్వాత రాత్రి ఇంటర్నెట్ వైరు పీకేసి వదిలేయండి. పొద్దున మొదటి తూకం వేసేటప్పుడు చీటీ మీద టైము, కెమెరాలో టైము పక్కపక్కన పెట్టి చూడండి. సెకను మించి తేడా ఉంటే ముందు ఎన్‌వీఆర్ ఎన్ని గంటలకోసారి టైము అడుగుతోందో చూసి, ఆ విరామం తగ్గించండి.