ఓవరీలో గడ్డ అన్నారా? కోసే ముందే అది ఎలాంటిదో అంచనా వేయించుకోండి

మా పిన్నిది విశాఖ గోపాలపట్నం, 54 ఏళ్ళు. పొట్ట ఉబ్బరంగా ఉంది, రెండు ముద్దలకే నిండిపోతుంది అంటూ మూడు నెలలు గ్యాస్ బిళ్ళలు మింగింది, చివరికి స్కాన్ తీస్తే ఎడమ ఓవరీలో గడ్డ. "38 ఏళ్ళకే గర్భసంచి తీసేసారు కదమ్మా, ఇంకా ఓవరీ ఏటి?" అంది. మన వైపు చాలామందిది ఇదే మాట, కానీ సంచి తీసినా ఓవరీలు చాలాసార్లు లోపలే వదిలేస్తారు. ఆ సాయంత్రమే ఒక నర్సింగ్ హోంలో ఎల్లుండి లాప్రోస్కోపీలో తీసేద్దాం అన్నారు, సీఏ-125 అనే రక్తపరీక్ష కూడా చేయించకుండా. మేం ఆగాం.

ఎందుకు ఆగాలంటే, మామూలు గడ్డయితే గైనకాలజిస్టు చిన్న కోతతో తీసేస్తారు, అదే క్యాన్సరైతే లోపల పగలకుండా తియ్యాలి, పగిలితే స్టేజి పెరిగిపోతుంది, కాబట్టి మొదటి ఆపరేషనే గైనిక్ ఆంకాలజీ సర్జన్ (ఆడవాళ్ళ క్యాన్సర్లకి ఆపరేషన్ చేసే డాక్టరు) చేతిలో పడాలి. సూది గుచ్చి టెస్టుకి పంపుదాం అన్నా ఎందుకో గట్టిగా అడగండి, గడ్డ ఓవరీకే పరిమితమై ఉంటే ఆ సూదితోనే లోపలంతా చిందొచ్చు. అప్పటికే పాకిపోయి ముందు కీమో ఇవ్వాల్సి వస్తే మాత్రం బయాప్సీ కావాలి, అది వేరే సంగతి.

ఇక స్కాన్. పొట్ట మీంచి చేసింది సరిపోదు, యోని లోపల్నుంచి చేసే టీవీఎస్, రక్తప్రవాహం చూపించే కలర్ డాప్లర్‌తో చేయించండి. రిపోర్టులో యూనిలాక్యులర్ అంటే ఒకే గది ఉన్న నీటి బుడగ, ఇది మంచి మాట. సాలిడ్ (నీరు కాని గట్టి భాగం), పాపిలరీ (లోపలికి మొటిమల్లా పొడుచుకొచ్చినవి), ఎసైటిస్ (పొట్టలో నీరు), రక్తప్రవాహం బాగా ఎక్కువ ఉండటం, ఇవి అనుమానపు మాటలు. సైజు చూసి మాత్రం హడలిపోకండి, వెంట్రుకలూ పళ్ళూ ఉండే డెర్మాయిడ్ 10 సెంటీమీటర్లున్నా చాలావరకు మామూలుదే. రిపోర్టు కింద ఓ-రాడ్స్ అని నంబరుంటే 2 అంటే క్యాన్సర్ ఛాన్సు 1 శాతం లోపే, 4 అంటే 10 నుంచి 50 లోపు, 5 అంటే 50, ఆ పైన.

తర్వాత అందరూ పట్టుకుని ఏడ్చేది సీఏ-125. 35 లోపు నార్మల్. కానీ అదొక్కటే చూస్తే బోల్తా పడతాం. చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన బుడగ), ఫైబ్రాయిడ్, నెలసరి, గర్భం, అన్నిటికీ పెరుగుతుంది. కడుపులో టీబీ అయితే మరీను, పొట్టలో నీరు, వందల్లో సీఏ-125, అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. ఇటు చూస్తే మొదటి స్టేజి క్యాన్సర్లలో దాదాపు సగానికి ఇది నార్మల్‌గానే ఉంటుంది.

అందుకే స్కాన్, నెలసరి ఆగిందా లేదా, సీఏ-125, ఈ మూడూ కలిపి లెక్క కడతారు, ఆర్ఎంఐ (క్యాన్సర్ ముప్పు లెక్క) అంటారు. స్కాన్‌లో చాలా గదులు, సాలిడ్ భాగం, రెండువైపులా ఉండటం, పొట్టలో నీరు, వేరేచోటికి పాకడం, ఈ అయిదింట్లో ఒక్కటుంటే 1, రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 3, ఏదీ లేకపోతే 0. నెలసరి వస్తుంటే 1, ఏడాది పైగా ఆగిపోతే 3 (సంచి తీసేసినవాళ్ళకి 50 దాటితే 3). ఈ రెండిటినీ సీఏ-125తో గుణించాలి. 200 దాటితే క్యాన్సర్ ఆసుపత్రి దారి పట్టాలి.

మా చెల్లికి 27 ఏళ్ళు, రెండువైపులా చాక్లెట్ సిస్టులు, సీఏ-125 140. ఇంట్లో ఏడుపులే ఏడుపులు. లెక్క కడితే 1×1×140, అంటే 140, 200 లోపే. పిన్నికి సీఏ-125 62 మాత్రమే, "అంతేనా" అనుకున్నాం, కానీ గదులున్నాయి, సాలిడ్ ఉంది, 3×3×62, 558!

40 లోపు వాళ్ళకి సాలిడ్ గడ్డయితే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు కూడా అడగండి, ఆ వయసులో వచ్చే రకాలు వేరు. నెలసరి వచ్చేవాళ్ళకి 5 సెంటీమీటర్ల లోపు మామూలు నీటి బుడగ రెండు మూడు నెలల్లో చాలావరకు దానంతటదే పోతుంది. ఒక్కసారిగా భరించలేని నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి కేజీహెచ్ (విశాఖ పెద్దాసుపత్రి) అయినా ఇంకోటైనా దగ్గర్లో ఉన్న క్యాజువాలిటీకి పరుగెత్తండి, ఓవరీ మెలిపడి ఉండొచ్చు.

పిన్నిని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, స్కాన్ సీడీ పట్టుకెళ్ళండి, ఉత్త రిపోర్టు కాగితం చాలదు. ఆపరేషన్ మధ్యలోనే గడ్డ ముక్క చూసి చెప్పే ఫ్రోజెన్ సెక్షన్ ఉందో లేదో కూడా అడగండి, మిగతాది ఎంత తియ్యాలో దాన్నిబట్టే తేలుస్తారు. పిన్నికి ఆపరేషన్‌లో తీసిన ఫ్రోజెన్ సెక్షన్‌లో అటూ ఇటూ కాని బోర్డర్‌లైన్ అని వచ్చింది, పూర్తి రిపోర్టులోనూ అదే, కీమో అక్కర్లేదన్నారు, చెకప్‌లకి మాత్రం రమ్మన్నారు.