పొసగని జంటను రాయడం – మూడవ పాఠం: విడిపోనివ్వని ముడి

గత పాఠంలో ఉప్పూ నిప్పూ వంటి రెండు పాత్రలను తయారుచేసుకున్నాము. ఆ ఇద్దరూ ఎంత ఎడమొహం పెడమొహంగా ఉన్నా ఒకే దారిన నడవక తప్పని పరిస్థితిని, అంటే ముడిని, కల్పించడం ఈ పాఠంలో నేర్చుకుందాము. వెళ్లిపోయే వీలున్నవారు కీచులాడుకుంటే ప్రేక్షకుడికి కాసేపటికి విసుగు పుడుతుంది. వెళ్లిపోలేనివారు కీచులాడుకుంటే మాత్రం, అన్న ప్రతి మాటనూ మరుక్షణం పక్కనే కూర్చుని భరించాలి గనుక, నవ్వూ ఉత్కంఠా ఒకేసారి పుడతాయి. ఈ తరహా యాక్షన్ కామెడీల ఆకర్షణకు మూలం ఇదేనని నా గట్టి నమ్మకం.

1982 నాటి ‘48 అవర్స్’ సినిమాలో ముడి పేరులోనే ఉంది: హంతకులను పట్టుకోవడానికి ఒక పోలీసు అధికారి ఒక ఖైదీని నలభై ఎనిమిది గంటల పాటు జైలు నుంచి బయటకు తెస్తాడు. ఇది గడియారం వేసిన ముడి.

ఇంతకన్నా చిక్కనిది 1988లో మార్టిన్ బ్రెస్ట్ తీసిన ‘మిడ్‌నైట్ రన్’లో ఉంది. బెయిలు ఎగవేసినవారిని పట్టి అప్పగించే వాల్ష్, మార్డూకస్ అనే అకౌంటెంట్‌ను న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు చేర్చాలి. విమానం ఎక్కగానే మార్డూకస్ తనకు గాలిలో ప్రయాణమంటే ప్రాణభయమని గగ్గోలు పెడతాడు; సిబ్బంది ఇద్దరినీ దింపేస్తారు. కొన్ని గంటల పని రైళ్లూ బస్సులూ కార్ల మీదుగా దేశమంతా దాటే ప్రయాణంగా మారుతుంది. మార్డూకస్ తర్వాత ఒక చిన్న విమానాన్ని తానే నడుపుతూ పారిపోబోయినప్పుడు గాని ఆ భయం అబద్ధమని వాల్ష్‌కు తెలియదు. కథను సాగదీసిన అడ్డంకి పైనుంచి ఊడిపడలేదు, బందీ స్వభావంలో నుంచే పుట్టింది. ముడి వేసేటప్పుడు ముందుగా పాత్ర స్వభావాన్నే వెతకమని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సంకెళ్లు, బాకీలు, పైఅధికారి ఆజ్ఞ వంటి బయటి ముడులు కథ మొదలు పెట్టడానికి చాలు. సగం దాటాక అవి వదులైనా, ఇద్దరూ కలిసే ఉండేందుకు లోపలి కారణం సిద్ధమై ఉండాలి.

అభ్యాసం: మీ జంటలో ఒకరికి తప్పించుకునే అవకాశం స్పష్టంగా దొరికిన సన్నివేశాన్ని ఒక పుటలో రాయండి. అతడు వెళ్లకూడదు. ఎందుకు వెళ్లలేదో ఎవరి నోటా చెప్పించకుండా, అతడి చేతులు చేసే పనిలోనే తెలియనివ్వండి.