అయాన్ ఇంజను పాఠాలు – 4: వేగం రెట్టింపు, థ్రస్ట్ సగం

అయాన్ ఇంజను విద్యుత్తుతో అయాన్లను, అంటే విద్యుదావేశమున్న పరమాణువులను, వేగంగా వెనక్కి చిమ్మి నౌకను ముందుకు నెడుతుంది. ఆ నెట్టే బలమే థ్రస్ట్. అలాంటి ఇంజనుతో నడిచిన డాన్ వ్యోమనౌక ఇంధనమంతా వాడితే ఎంత వేగం పెంచుకోగలదో కట్టమని పోయిన పాఠంలో అడిగాను. చాలామందికి 5.7 వచ్చింది. మలక్‌పేట నుంచి ఒక అమ్మాయి పంపిన నోటుపుస్తకం ఫొటో చూశాక కారణం తెలిసింది. క్యాలిక్యులేటర్‌లో లాగ్ మీట నొక్కింది. అది పది ఆధారంగా లెక్కిస్తుంది. రాకెట్ సమీకరణానికి కావలసింది ఎల్ఎన్, అంటే సహజ లాగరిథం. బయలుదేరేటప్పుడు బరువు 1,218 కిలోలు, అందులో ఇంధనంగా వాడే జెనాన్ వాయువు 425, అది అయిపోతే మిగిలేది 793. 1,218ని 793తో భాగించి, ఎల్ఎన్ తీసి, అయాన్లు వెలువడే వేగంతో, అంటే సెకనుకు 30.4 కిలోమీటర్లతో, హెచ్చవేయండి. సెకనుకు 13 కిలోమీటర్లు వస్తుంది. డాన్ నిజంగా సాధించింది సుమారు 11.5. ఇంజను అన్నివేళలా పూర్తి శక్తితో నడవదు కదా.

అసలు చిక్కు వేరే ఉంది. "అయాన్లు వెలువడే వేగాన్ని పదింతలు చేస్తే సౌరకుటుంబం దాటడం సులువే కదా" అని ఆదివారం తార్నాకలో మా ఇంటికి వచ్చిన ఇద్దరు విద్యార్థులూ అడిగారు. వాళ్ల అరచేతుల్లో చెరో రెండు ఏ4 కాగితాలు పెట్టాను. డాన్ ఇంజను గరిష్ఠ థ్రస్ట్, 92 మిల్లీన్యూటన్లు, దాదాపు ఆ రెండు కాగితాల బరువంతే. దానికి 2.3 కిలోవాట్లు కావాలి, అంటే మన స్నానాల గదిలోని గీజరు కన్నా కొంచెం ఎక్కువ. ఇప్పుడు వేగం రెట్టింపు చేయండి. కిలో జెనాన్ ఇచ్చే ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో హెచ్చవేస్తే వచ్చేది) రెండింతలు, అది మింగే శక్తి నాలుగింతలు. విద్యుత్తు అంతే ఉంది కాబట్టి జెనాన్ నాలుగో వంతే పంపగలం. థ్రస్ట్ సగమైంది, ఒక కాగితం తీసేయండి. పదింతలు చేస్తే మిగిలేది కాగితంలో అయిదో వంతు ముక్క.

విద్యుత్తు పెంచుదామంటే, భూమి దగ్గర 10 కిలోవాట్లు ఇచ్చిన సౌరఫలకాలు నెప్ట్యూన్ దగ్గర ఇచ్చేది 11 వాట్లు, ఒక ఎల్‌ఈడీ బల్బుకు సరిపడా. అందుకే ఆవలికి వెళ్లాలంటే అణు రియాక్టరు, దాని వేడిని వదిలే రేడియేటర్లు మోయాలి. నేనైతే కాగితం మీద ముందు వాటి బరువే రాస్తాను, ఇంజను సంగతి తరువాత.

అభ్యాసం: మొత్తం బరువు 5,000 కిలోలు, అందులో జెనాన్ 2,000. రియాక్టరు ఇచ్చే విద్యుత్తు 100 కిలోవాట్లు, ఇంజను సామర్థ్యం 60 శాతం. అయాన్ల వేగం సెకనుకు 50, 100, 200 కిలోమీటర్లు. ఒక్కొక్కదానికి థ్రస్ట్, ఇంజను నడిచే కాలం, చివరి వేగం కట్టండి. ఆ మూడింటిలో వాయేజర్-1 వ్యోమనౌక 2012లో దాటిన సరిహద్దును, అంటే సౌరగాలి ప్రభావం ముగిసే చోటును, సుమారు 121 ఖగోళ ప్రమాణాల (ఒక్కోటి భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరాన్ని, ఏది ముందు చేరుతుందో తేల్చండి. సూర్యుడి ఆకర్షణను వదిలేయవచ్చు, ఇంజను నడుస్తుండగా సాగిన దూరాన్ని మాత్రం వదలవద్దు. 50కి ఇంజను నడిచే కాలం 1.3 ఏళ్లు వస్తే మీ దారి సరైనదే.