క్రొయేషియాకు తొలి ప్రయాణం – 3వ పాఠం: దీవి పేరు, ఊరి పేరు, రేవు పేరు

గత పాఠం చివర ఎనిమిది రాత్రుల ప్రణాళిక రాయమంటే, నాకు అందిన జవాబుల్లో చాలా మటుకు ఒకే చోట బోల్తా పడ్డాయి. ఉదయం ప్రధాన భూభాగపు తీరనగరం స్ప్లిట్‌లో కార్లను ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ ఎక్కి, హ్వార్‌లో దిగి, రేవు పక్కనే తీసుకున్న గదికి నడిచి వెళ్తామని రాశారు. ఆ ఫెర్రీ హ్వార్ ఊరికి వెళ్లదు. "స్ప్లిట్ నుంచి హ్వార్‌కు ఓడ" అని ఒక్క మాటలో తేల్చేసిన నాకూ ఈ తప్పులో సగం వాటా ఉంది కనుక, ఈసారి చెప్పవలసిన బస ఖర్చులను వాయిదా వేసి దీన్నే సరిచేస్తాను.

హ్వార్ అన్నది దీవి పేరు, ఆ దీవిలోని ఒక ఊరి పేరు కూడా. ఫెర్రీ సుమారు రెండు గంటల్లో అదే దీవిలోని స్తారి గ్రాద్ రేవుకు చేరుతుంది; ఆ రేవు స్తారి గ్రాద్ ఊళ్లో కూడా లేదు, రెండు కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడి నుంచి హ్వార్ ఊరికి మరో ఇరవై కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి. మనుషులను మాత్రమే ఎక్కించుకునే వేగపు ఓడ కాటమరాన్ అయితే దాదాపు గంటలో నేరుగా హ్వార్ ఊరి ఒడ్డునే దింపుతుంది. టికెట్ మీద దీవి పేరు చూసి తృప్తిపడకుండా, దిగే రేవు పేరు చదవండి.

కోర్చులా దీవిలోనూ ఇదే తిరకాసు, ఇంకాస్త ఎక్కువగా. స్ప్లిట్ నుంచి వచ్చే ఫెర్రీ దీవి పడమటి కొసన వేలా లూకాలో ఆగుతుంది, కోర్చులా ఊరు తూర్పు కొసన ఉంది. నడుమ నలభై కిలోమీటర్లకు పైగా కొండదారి. బ్రాచ్ దీవిలో ఫెర్రీ ఉత్తరాన సుపెతార్‌కు వస్తుంది, అందరూ చూడాలనుకునే జ్లాత్ని రాత్ గులకరాళ్ల తీరం దక్షిణాన బోల్ దగ్గర ఉంది.

నా మటుకు నేను కారును దీవుల మీదికి తీసుకుపోను. చిన్న పెట్టెతో కాటమరాన్ ఎక్కడమే నాకిష్టం, ఎందుకంటే పాత ఊళ్లలో అరిగి నున్నబడిన రాతి మెట్ల మీద పెద్ద పెట్టె చక్రాలు ఎందుకూ పనికిరావు. అయితే బూరా అనే ఈశాన్యపు గాలి విసురుగా వీస్తే మొదట రద్దయ్యేవి కాటమరాన్లే కనుక, తిరుగు విమానానికి ముందు రాత్రి బస ఎప్పుడూ ప్రధాన భూభాగంలోనే పెట్టుకుంటాను.

ఒక్కసారి ప్రవేశానికే వీసా ఉన్నవారు మరొకటి గమనించాలి. స్ప్లిట్, దక్షిణాన ఉన్న దుబ్రోవ్నిక్ నగరాల మధ్య పాత దారి నేయుమ్ అనే ఊరి దగ్గర పొరుగు దేశమైన బోస్నియాలోకి దాటుతుంది. దాటితే షెంగెన్ నుంచి, అంటే 2023 జనవరి 1న క్రొయేషియా చేరిన, తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేని ఐరోపా దేశాల ప్రాంతం నుంచి, బయటికి వచ్చినట్లే, ఆ వీసాతో తిరిగి లోపలికి రాలేరు. 2022లో తెరిచిన పెల్యెషాత్స్ వంతెన మీదుగా వెళ్తే సరిహద్దు తగలదు. బస్సు ఏ దారిన పోతుందో టికెట్ కొనేముందే అడగండి.

అభ్యాసం: అవే ఎనిమిది రాత్రులను మళ్లీ రాయండి. ప్రతి సముద్ర ప్రయాణానికీ ఎక్కే రేవు, దిగే రేవు, ఓడ రకం, అక్కడి నుంచి గదికి చేరే దారి, ఆ ఓడ తప్పితే తరువాతి ఓడ వేళ రాయాలి. ఆపైన, నాలుగో రోజున బూరా వీచి కాటమరాన్లన్నీ ఆగిపోయాయనుకుని, ఆ రోజు నుంచి ప్రణాళికను ఇంకోసారి వేయండి.